వ్యవసాయ సర్వేకి ఊళ్లు తిరగబోతున్నా: భూమి, కౌలు, దిగుబడి ఎలా అడగాలి?

కొత్త_చెప్పులు:
అందరికీ నమస్కారం. రైతు కుటుంబాల ఆదాయం, ఖర్చు, అప్పుల మీద కేంద్రం చేయించే సర్వేకి కాంట్రాక్టు పద్ధతిలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. శిక్షణ అయింది, ట్యాబ్ చేతికొచ్చింది, పల్నాడు వైపు ఊళ్లు పడ్డాయి. ఏ గడిలో ఏం నింపాలో బాగానే చెప్పారు గానీ, ఆ సమాధానం రైతు నోటి నుంచి రాబట్టడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. భూమి ఎంత అంటే పాస్‌బుక్‌లో ఒకటి, మాటలో ఒకటి వస్తుందని సీనియర్లు నవ్వుతున్నారు. కౌలు ఊసెత్తితే లేచి వెళ్లిపోతారట. దిగుబడి బస్తాల్లో చెప్తారు, ట్యాబ్ కిలోలు అడుగుతుంది. పైగా ఒక్కో ఇంటికి రెండు గంటలు. అంతసేపు పని మానుకుని ఎవరు కూర్చుంటారు? ఈ పని చేసినవాళ్లు కాస్త దారి చూపండి.

అడంగల్_అన్న:
స్వాగతం తమ్ముడూ. గణాంక శాఖలో చేసి రిటైరయ్యాను, కాబట్టి నా మాటల్లో కొన్ని పాతబడి ఉండొచ్చు, ట్యాబ్ సంగతి కుర్రాళ్లు చెప్తారు.

భూమి దగ్గర మొదలుపెడతాను. "మీకెన్ని ఎకరాలండీ?" అని అడిగావంటే నీ పని అయిపోయినట్టే. ఆ ప్రశ్నకి రైతు మనసులో పాస్‌బుక్ తెరుచుకుంటుంది. తాత పేరున ఉన్నది, అన్నదమ్ములు పంచుకున్నా కాగితం మీద పంచుకోనిది, అమ్మేసినా మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కానిది, అన్నీ కలిసి ఒక అంకె వస్తుంది. నీకు కావాల్సింది ఎవరి పేరున ఉందన్నది కాదు, ఎవరు సాగు చేస్తున్నారన్నది. 1970-71 నుంచి అయిదేళ్లకోసారి జరుగుతున్న వ్యవసాయ గణన కూడా ఈ పునాది మీదే నడుస్తోంది. హక్కు ఎవరిదైనా, భూమి ఎన్ని ముక్కలుగా ఉన్నా, ఒకరి ఆజమాయిషీలో ఒకటిగా సాగయ్యేదంతా ఒక కమతం.

అందుకని మడి మడికీ అడుగు. "పోయిన ఖరీఫ్‌లో ఎక్కడెక్కడ వేశారు?" అను. "బావి కాడ చేను, డొంక అవతల ముక్క, మా బావమరిది వాళ్లది కాలవ కింద" అని వాళ్లే చెప్పుకుంటూ పోతారు. ప్రతిదానికీ ఎన్ని సెంట్లు, ఏం వేశారు, నీరెక్కడిది, అది సొంతమా అని వరుసగా అడుగు. మొత్తం నువ్వు కూడుకో. వాళ్లని కూడమనకు. బావమరిది ముక్క దగ్గర కౌలు దానంతటదే బయటికొచ్చింది చూశావా?

సెంటు_లెక్క:
అన్న చెప్పినదానికి కొలతలు జోడిస్తా. ఎకరం 100 సెంట్లు, 40 గుంటలు. గుంట అంటే రెండున్నర సెంట్లు. ఎకరం 0.405 హెక్టారు. పల్నాడులో సెంట్లే వింటారు, కృష్ణ దాటి నల్లగొండ వైపు వెళ్తే గుంటలు. సరిహద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో మామ గుంటల్లో, అల్లుడు సెంట్లలో చెప్తారు. రైతు ఏ కొలతలో చెప్తే అదే కొలతలో నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాత మార్చుకోండి. అక్కడికక్కడ మనసులో మార్చి ట్యాబ్‌లో కొడితే ఎక్కడ పొరపాటు పడిందో తర్వాత దొరకదు.

ఫోన్ పట్టుకుని గట్ల మీద నడిచి విస్తీర్ణం తీస్తే ఖచ్చితంగా వస్తుందనుకోవద్దు. 20 సెంట్ల ముక్క చదరంగా ఉంటే పక్క 28 మీటర్ల చిల్లర. జీపీఎస్ పక్కకి 3 మీటర్లు ఎక్కువ చూపిస్తే ఆ 20 సెంట్లు కాస్తా 24 దాటుతాయి. అదే 3 మీటర్లు 5 ఎకరాల చేనులో 4 శాతం తేడా, అంతే. అంటే చిన్న రైతు దగ్గరే లెక్క ఎక్కువ చెడుతుంది. చిన్న ముక్కలకి టేపు మించింది లేదు.

గణాంకం:
ఆఫ్రికా దేశాల్లో జీపీఎస్ కొలతనీ రైతు చెప్పిన అంకెనీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లో తరచూ కనబడిన సంగతి ఒకటుంది: చిన్న కమతం ఉన్నవాళ్లు ఎక్కువ చెప్తారు, పెద్ద కమతం ఉన్నవాళ్లు తక్కువ చెప్తారు. చిన్నదాన్ని రౌండ్ చేసి అర ఎకరం అంటారు. పెద్దదాన్ని తగ్గించడానికి కారణాలు అందరికీ తెలిసినవే. పంటని విస్తీర్ణంతో భాగిస్తేనే దిగుబడి, కాబట్టి ఆ లెక్క మొత్తం ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. విస్తీర్ణం ఎక్కువ రాస్తే, పంట ఎంత కరెక్టుగా తూచినా ఎకరా దిగుబడి తక్కువొస్తుంది.

రైతువేదిక_పక్కన:
నేను తెలంగాణల ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని. మాకు 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు. కౌలు సంగతి నేను చెప్త.

ఇక్కడ 2018 నుంచి పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలనే పడ్డది. పట్టాదారు పట్నంల ఉంటడు, చేసేటోడు ఊళ్లె ఉంటడు. ఇద్దరి మధ్య కాగితం ఉండదు. "మీరు కౌలుకు చేస్తున్నరా" అని అడిగినవనుకో, లేదనే అంటడు, ఎందుకంటే ఆ మాట పట్టాదారు చెవిల పడితే వచ్చే ఏడు పొలం దొరకదు. ఆంధ్రల సాగుదారు హక్కు పత్రం అని 2019ల చట్టం తెచ్చిన్రు, 11 నెలల ఒప్పందం. దానికీ యజమాని సంతకం కావాలె. ఆ సంతకం కాడనే ఆగిపోతది.

అందుకే నేను కౌలు అనే మాటనే ఎత్త. "పంట అమ్మినంక ఎవరికన్న ఏమన్న ఇయ్యాల్నా?" అని అడుగుత. "ఆసామికి ఇన్ని బస్తాలు" అని అప్పుడు వస్తది. పాలుకు, అంటే పంటల వాటాకు అయితే ఇత్తనం ఎవరిది, మందు ఎవరిది అని అడుగుత. ఇంకో ముచ్చట: అడిగేటప్పుడు పక్కన సర్పంచ్ ఉండొద్దు, పట్టాదారు చుట్టం ఉండొద్దు.

వేరుశనగ_రైతు:
ఇంతమంది అడిగేవాళ్లే మాట్లాడితే ఎట్లప్పా, చెప్పేవాణ్ణి నేనొకణ్ణి ఉన్నా. అనంతపురం జిల్లా, వాన మీద బతికే నేల.

మా కష్టం ఇనండి. ఈ-క్రాప్ అని పంట రాసుకునేదానికి ఒకరొస్తారు. ఇన్సూరెన్స్ అని ఒకరు, బ్యాంకు నుంచి ఒకరు, గొర్రెలు లెక్కపెట్టేదానికి ఒకరు. అందరూ అడిగేది అదే. ఎవరికి చెప్పింది ఎక్కడికి పోతుందో మాకు తెలీదు. రేషన్ కార్డు పోతుందేమో అని ఒకనికి తగ్గించి చెప్తాం, నష్టపరిహారం వస్తుందేమో అని ఇంకొకనికి పెంచి చెప్తాం. దాన్ని అబద్ధం అనుకున్నా పర్వాలేదు, మేం మాత్రం జాగ్రత్త అనుకుంటాం.

నిజం కావాలంటే వచ్చిన వెంటనే చెప్పేయ్: "ఈ సర్వేతో నీకు రూపాయి రాదు, నీది రూపాయి పోదు, నీ పేరు బయటికి రాదు." ఒకాయన అట్లే చెప్పినాడు. ఆశ పోయినాక భయమూ పోయింది, ఉన్నదున్నట్లు చెప్పేసినా. పథకం వస్తుందని ఊరించి కూర్చోబెట్టే వాళ్లకి ఊరంతా కలిసి ఒకే కథ చెప్తాం.

కొత్త_చెప్పులు:
అన్నా, ఇది నేను కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటా. మరి టైమ్ సంగతి? మీ ఊళ్లో ఎప్పుడొస్తే బాగుంటుంది?

వేరుశనగ_రైతు:
పొద్దున్నే ఆరుకి రా, లేదంటే దీపాలు పెట్టినాక రా. పదకొండు గంటలకి వస్తే పని చేయనోళ్లు దొరుకుతారు, వాళ్లని అడిగితే వాళ్ల సేద్యమే తెలుస్తుంది. విత్తనం పడే వారం ఎవరూ మాట్లాడరు.

మిర్చి_ఘాటు:
గుంటూరు జిల్లా. పల్నాడు అన్నావు కాబట్టి మిర్చీ పత్తీ తగులుతాయి. రెండిట్లోనూ ఒకటే చిక్కు, పంట ఒక్కసారి రాదు. పత్తి మొదటి తీత, రెండో తీత, మూడో తీత. మిర్చి కూడా కోతలు కోతలుగా వస్తుంది. "ఎంత పండింది?" అంటే రైతు గుర్తుండిన పెద్ద కోత చెప్తాడు. కోత కోతకీ విడిగా అడగాలి. మంచి కాయ విడిగా, తాలు (రంగు పోయిన నాసి కాయ) విడిగా, ఎందుకంటే ధర రెండిటికీ పొంతన ఉండదు. టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) చెప్తాడు, ఒక్కో టిక్కీ ఎంత తూగిందో ఆయన్నే అడుగు, నీ అంతట నువ్వు 40 కిలోలు అనుకోకు. కాటా చీటీ ఉంటే అడిగి చూడు, చాలామంది దాచుకుంటారు.

ఇంకోటి, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు. అమ్మలేదు కాబట్టి "ఆదాయం రాలేదు" అంటాడు. పండింది పండినట్టే, అది నిల్వ గడిలోకి వెళ్లాలి. ఆ సరుకు మీద అప్పు కూడా తీసుకుని ఉంటాడు, అప్పుల పేజీలో మళ్లీ అడుగు.

అడంగల్_అన్న:
మిర్చి తమ్ముడు మంచి దగ్గరికి తెచ్చాడు. పండింది ఎటు పోయిందో అడగడమే దిగుబడికి అసలైన తనిఖీ. వరి తీసుకో. అమ్మింది ఎంత, ఇంటికి ఉంచుకుంది ఎంత, విత్తనానికి ఎంత, ఆసామికి కౌలు కింద కొలిచింది ఎంత, కూలి కింద ధాన్యమే ఇస్తే అదెంత, గాదెలో ఎంత. ఇవన్నీ కూడితే మొదట చెప్పిన మొత్తం రావాలి. రాకపోతే కోపం తెచ్చుకోకు, ఎక్కడో ఒక బస్తా మరిచిపోయారు. ఎక్కువసార్లు మరిచిపోయేది తిండికి ఉంచుకున్నది. డబ్బు చేతులు మారలేదు కాబట్టి అది వాళ్ల లెక్కలో పంటే కాదు. గడ్డి కూడా అంతే. ట్రాక్టరు గడ్డి ఎంత పలుకుతుందో ఊళ్లో అందరికీ తెలుసు, సొంత గేదెలకి వేసినదాన్ని మాత్రం ఎవరూ చెప్పరు.

బస్తా అంటే ఎన్ని కిలోలో ప్రతి ఊళ్లో మొదట తేల్చుకో. గోదావరి, కృష్ణా జిల్లాల్లో వరి బస్తా 75 కిలోలు. నెల్లూరు వెళ్తే పుట్టి 850 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి.

సీత_పద్దు:
ఇంతసేపూ ఒక్కరైనా ఆడవాళ్లని అడగమని చెప్తారేమో అని చూస్తున్నాను. 😀 నేను శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి సర్వేలు రెండు చేశాను.

ఇంటాయన ఎరువుల బస్తాలు, ట్రాక్టరు బాడుగ అణా పైసలతో చెప్తాడు. పాలు పూటకి ఎన్ని లీటర్లు కేంద్రానికి పోతున్నాయో, ఇంట్లో ఎన్ని ఉంచుకుంటున్నారో ఆయనకి తెలీదు. కోళ్లు ఎన్నున్నాయో అస్సలు తెలీదు. కలుపుకి ఎంతమంది వచ్చారో, తను ఎన్ని రోజులు పక్క చేలకి కూలికి వెళ్లిందో ఆవిడకి తెలుసు. "మీరూ ఇక్కడ కూర్చోండమ్మా" అంటే వంట ఉందంటారు. నేను వంటింటి గుమ్మంలోనే కూర్చుని అడిగేదాన్ని.

అప్పుల దగ్గర ఇది మరీ ముఖ్యం. డ్వాక్రా సంఘం అప్పు ఆవిడ పేరున ఉంటుంది, డబ్బు పత్తి మందులకి వెళ్లి ఉంటుంది. ఆయన్నొక్కణ్ణే అడిగితే అసలు ఆ అప్పే కనబడదు. వడ్డీ రేటు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. "రెండు రూపాయల వడ్డీ" అంటారు. అంటే నూటికి నెలకి 2, ఏడాదికి 24. ట్యాబ్ అడిగేది ఏడాది రేటు. కొత్తవాళ్లు అక్కడ 2 అని కొట్టేస్తారు, కాగితం మీద ఊరి వడ్డీ వ్యాపారి సహకార బ్యాంకు కంటే దయగలవాడైపోతాడు.

కొత్త_చెప్పులు:
మేడమ్, ఆ వడ్డీ సంగతి నిజంగా శిక్షణలో రాలేదు. ధన్యవాదాలు.

గణాంకం:
ఈ పేజీలన్నీ కలిసి చివరికి ఏ అంకె అవుతాయో చూస్తే, ఇంత విసుగు ఎందుకో తెలుస్తుంది. జాతీయ నమూనా సర్వే 77వ రౌండు 2019లో జరిగింది. 2018 జూలై నుంచి 2019 జూన్ దాకా వ్యవసాయ సంవత్సరం లెక్క. ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లారు, ఎందుకంటే ఖరీఫ్ సంగతులు ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండవు. వ్యవసాయ కుటుంబం సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు తేలింది. అందులో కూలి, జీతాలు 4,063, పంటలు 3,798, పశువులు 1,582, వ్యవసాయేతర వ్యాపారం 641, భూమి కౌలుకిచ్చి వచ్చింది 134. రైతు కుటుంబానికి పంట కంటే కూలి ఎక్కువ తెస్తోంది.

ఇది జేబులోంచి పెట్టిన ఖర్చు మాత్రమే తీసేసిన లెక్క. ఇంటివాళ్ల శ్రమ, సొంత విత్తనం, సొంత మేత, ఇలాంటివాటికి కూడా విలువ కట్టి తీసేస్తే 10,218 కాస్తా 8,337కి దిగింది. పంటలు 3,058 అయ్యాయి. పశువులైతే 1,582 నుంచి 441కి పడ్డాయి. అంటే అన్న చెప్పిన ఆ గడ్డి, సీత గారు చెప్పిన ఆ పాలు, ఇంటావిడ పేడ తీసిన గంటలు ఎంత జాగ్రత్తగా అడిగారన్నదాని మీద ఈ అంకె మూడో వంతు కంటే కిందికి పడిపోతుందా, నిలబడుతుందా అన్నది ఆధారపడి ఉంది.

వేరుశనగ_రైతు:
441 రూపాయలకి నెలంతా గేదెల వెనక తిరుగుతున్నామన్నమాట. మా ఇంట్లో చదివి వినిపిస్తే గేదెల్ని అమ్మేయమంటుంది.

సీత_పద్దు:
అమ్మేస్తే ఆ పూటకి చేతిలో పడే పాల డబ్బు ఎవరు తెస్తారు? ఆవిడ అమ్మమనదు లెండి.

తనిఖీదారు:
నేను సూపర్‌వైజర్ వైపు నుంచి మాట్లాడతాను, తిట్టుకోకండి. ఊళ్లో కబుర్లు ఎన్నైనా చెప్పొచ్చు, ట్యాబ్‌లో తనిఖీలు పెట్టింది ఊరికే కాదు. ఎకరాకి వరి 400 కిలోలు అని కొడితే ఎర్ర గుర్తు వస్తుంది, ఎందుకంటే వందకి తొంభై సార్లు అక్కడ ఒక అంకె తప్పిపోయింది. 2021-22 సంవత్సరానికి జరిగిన 11వ వ్యవసాయ గణనలో మొదటిసారి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు వాడారు. కాగితాల రోజుల్లో ఇలాంటి తప్పు నెలల తర్వాత ఆఫీసులో తేలేది, అప్పుడు ఆ రైతుని ఎక్కడ పట్టుకుంటాం? ఎర్ర గుర్తు వస్తే అక్కడే, ఆ ఇంటి అరుగు మీదే మళ్లీ అడగండి. సాయంత్రం లాడ్జిలో కూర్చుని "సరిచేయడం" మాత్రం వద్దు.

అడంగల్_అన్న:
చివరి వాక్యానికి దండం పెడతాను. కానీ తొంభై పోగా మిగిలిన ఆ పది సార్ల సంగతేమిటి సార్? సుడిదోమ కొట్టి నిజంగానే 400 కిలోలు వచ్చిన మడి ఉంటుంది. ఇన్వెస్టిగేటరు మళ్లీ అడిగాడు, రైతు మళ్లీ అదే చెప్పాడు. ఎర్ర గుర్తు పోదు. పై నుంచి ఫోన్: "ఇంకా ఎందుకు పెండింగ్?" కుర్రాడు 1,400 అని కొట్టేస్తాడు, గుర్తు పచ్చబడుతుంది. ఆ సర్వేలో ఇక నష్టపోయిన రైతు అనేవాడే కనబడడు. గుర్తు పోగొట్టడం కోసం అంకె మార్చకు తమ్ముడూ. రిమార్క్ గడి ఉంటుంది, అందులో "దోమ వల్ల, రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను" అని రాయి.

తనిఖీదారు:
రిమార్క్ రాస్తే నేను దాటిస్తాను. రాయకుండా వదిలేస్తేనే ఫోన్ చేసేది. అన్ని చోట్లా అలా జరగదని ఒప్పుకుంటాను.

పైరుకోత:
రైతు చెప్పిన దిగుబడి, రిమార్కులు సరే. దిగుబడికి మాట కాకుండా కొడవలి పట్టుకుని చూసే పద్ధతి కూడా ఉంది కదా, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. పంటకోత ప్రయోగాలు నేను చాలా ఏళ్లు చేశాను, కాస్త పొడుగ్గా రాస్తాను.

పొలం నువ్వు ఎంచుకోవు, పైనుంచి యాదృచ్ఛికంగా వస్తుంది. పొలంలో ఏ చోట కోయాలో కూడా నువ్వు ఎంచుకోవు. నైరుతి మూలన నిలబడి పొడవు, వెడల్పు నడక అడుగులతో (ఫీట్లు కాదు, అంగలు) కొలవాలి. ముక్క పొలం దాటిపోకుండా రెండిట్లోంచి 7 అడుగులు తీసేసి, మిగిలినదాంట్లో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి జంట అంకెలు తీయాలి. అన్ని అడుగులు పొడవున, అన్ని అడుగులు వెడల్పున నడిచి మేకు దింపాలి. అక్కడి నుంచి 5 మీటర్ల పక్కలతో చదరం. మూలలు నిలువుగా ఉన్నాయో లేదో చూడాలంటే కర్ణం కొలువు, 7.07 మీటర్లు రావాలి. తాడు సాగితే మోసం. ఒక్కో పక్క 10 సెంటీమీటర్లు పెరిగితే 25 చదరపు మీటర్లు 26 అవుతాయి, దిగుబడి 4 శాతం ఊరికే పెరిగిపోతుంది.

ఎందుకింత పట్టుదలంటే, ఎకరంలో ఇలాంటి ముక్కలు 162 పడతాయి. కాటా దగ్గర 100 గ్రాముల పొరపాటు ఎకరాకి 16 కిలోలవుతుంది. ముక్కలో 14 కిలోలు తూగితే ఎకరాకి 2,268 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు 30. అది పచ్చి ధాన్యం. కొంత గింజ ఎండబెట్టి మళ్లీ తూచి, తేమ ఎంత పోయిందో చూసి తగ్గించాలి. ఆ ఎండబెట్టడం దగ్గరే బద్ధకం పనిచేస్తుంది.

గీత మీద పడ్డ మొక్క పెద్ద తగువు. సగానికి పైగా లోపలుంటే కోయాలి, లేకపోతే వదిలేయాలి. మనిషి చెయ్యి మాత్రం ఎప్పుడూ మంచి దుబ్బును లోపలికే లాగుతుంది. 1940ల్లో గణాంకవేత్తలు మహలనోబిస్‌కీ సుఖాత్మెకీ నడిచిన వాదం కూడా సగం దీని మీదే. మహలనోబిస్ బెంగాల్‌లో చిన్న ముక్కలు ఎక్కువ చోట్ల కోయించారు. ముక్క చిన్నదయ్యేకొద్దీ అంచు మొక్కల వల్ల దిగుబడి ఎక్కువ చూపిస్తుందని సుఖాత్మె పట్టుబట్టారు.

వేరుశనగ_రైతు:
మా దగ్గర ఎక్కువ చూపించాలని ఎవడూ అనుకోడప్పా. ఇన్సూరెన్స్ కోతకి వస్తే "ఆ ఎండిపోయిన మూల కోయండి సారూ" అంటాం. 😀

పైరుకోత:
అదే చెప్పబోతున్నా. ఒకే కోత, ఎవరికోసం కోస్తున్నామన్నదాన్ని బట్టి లాగుడు మారుతుంది. మామూలు ఉత్పత్తి అంచనా కోసమైతే మంచి మూలకి, 2016లో ఫసల్ బీమా వచ్చాక ఎండిన మూలకి. బీమాకి గ్రామ పంచాయతీ యూనిట్‌గా ముఖ్య పంటకి 4 కోతలు. ఆ నాలుగింటి సగటు మీద ఊరందరి పరిహారం ఆధారపడుతుంది, కాబట్టి ఊరంతా గట్టు మీదే ఉంటుంది. మేకు ఎక్కడ దిగిందో అక్కడే కోయాలి. పట్టిక కాగితం చేతిలో పెట్టి "చూడండి, ఈ అంకె నాది కాదు" అని చూపిస్తే తగువు చాలావరకు తగ్గుతుంది. కంపెనీ ప్రతినిధి కూడా అక్కడే ఉంటే ఆయన పచ్చటి మూలకి లాగుతాడు. ఇద్దరికీ అదే కాగితం.

రైతువేదిక_పక్కన:
మాకు పత్తిల ఇదే కోతకు అదే ముక్క కాడికి మళ్లమళ్ల పోవాల్సి వస్తది. మొదటిసారి పాతిన మేకులు రెండోసారికి ఉండవు, పశువులు పీకేస్తయి. గట్టు మీది చెట్టుకో స్తంభానికో గుర్తు వెట్టుకుని ఎన్ని అడుగులో రాసుకోవాలె.

గణాంకం:
ఒక చిన్న మాట. నమూనాలో వచ్చిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లిపోవడం చాలామంది చేస్తారు. పక్కింట్లో మనిషి ఉన్నాడంటే పొలం లేనివాడో, వయసైపోయినవాడో కావచ్చు. ఎప్పుడూ ఇంట్లో దొరికేవాళ్లనే రాసుకుంటూ పోతే వలస వెళ్లిన కుటుంబాలు లెక్కలోంచి జారిపోతాయి. మళ్లీ వెళ్లండి. అప్పటికీ దొరకకపోతే సూచనల ప్రకారం ప్రత్యామ్నాయం తీసుకుని, కారణం కోడ్ వేయండి.

కొత్త_చెప్పులు:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మొదటి ఊరు ఇళ్ల జాబితా పూర్తయింది, ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. మడి మడికీ అడగడం పనిచేస్తోంది. ఒక ఇంట్లో మొదట మూడెకరాలన్నాయన దగ్గర వరుసగా అడిగేసరికి అయిదు ముక్కలు తేలాయి. "రూపాయి రాదు, రూపాయి పోదు" అన్నప్పుడు ఒకాయన నవ్వి మంచం వాల్చాడు.

ఇప్పుడు ఒక చిక్కు. పొలం అన్నగారిది, ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. సాగు చేసేది ఊళ్లో ఉన్న తమ్ముడు. ఎరువులకీ మందులకీ డబ్బు అన్న పంపుతారు. పంట చెరి సగం. ఇది ఎవరి కమతం? తమ్ముడి ఇంట్లో రాయనా, వదిలేయనా?

సెంటు_లెక్క:
తమ్ముడిది. దున్నేది ఆయనే కదా.

మిర్చి_ఘాటు:
పెట్టుబడి అన్నది. నష్టం వస్తే మునిగేది ఆయనే. అన్నదే.

అడంగల్_అన్న:
దున్నడం, పెట్టుబడి రెండూ చాలవు. నిర్ణయం ఎవరిదో చూడాలి. ఏం విత్తాలి, ఎప్పుడు మందు కొట్టాలి, ఎప్పుడు అమ్మాలి, ఇవి తమ్ముడే తేల్చుకుంటుంటే కమతం ఆయనది, అన్నకి పోయే సగం పాలు కింద రాయి. తమ్ముడు చెప్పినట్టు చేసే మనిషి మాత్రమే అయితే ఆయనకొచ్చే సగం ఆయన శ్రమకి ప్రతిఫలం. వేరు వేరు ఇళ్లవాళ్లు బాధ్యత కూడా కలిసి పంచుకుంటుంటే అది ఉమ్మడి కమతం. తమ్ముణ్ణి ఒక్క ప్రశ్న అడుగు: "యూరియా ఎప్పుడెయ్యాలో ఎవరు చెప్తారు?"

కొత్త_చెప్పులు:
అడిగా అన్నా. తమ్ముడు చేను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడట, అన్న చూసి చెప్తాడట. కానీ అన్న చెప్పినదాంట్లో సగం వినడట.

అడంగల్_అన్న:
అయితే ఉమ్మడి. ఆ వాట్సాప్ సంగతి రిమార్క్‌లో రాసెయ్, ఎర్ర గుర్తు వస్తే మన సూపర్‌వైజర్ గారు దాటిస్తారు.

తనిఖీదారు:
రిమార్క్ పూర్తిగా రాయమనండి. "వినడట" అన్నది కూడా.